కోళ్ల ముందు ఒడిబియ్యం

జైలు నుంచి వచ్చినప్పటి నుంచి నన్ను ఎవరూ ఏమీ అడగరు. నేను అడిగినదానికీ జవాబు చెప్పరు. నా కొడుక్కి పిల్లనిస్తామని భూపాలపల్లి నుంచి వచ్చినవాళ్లు చాయ్ తాగి వెళ్లారు, మళ్లీ ఫోన్ ఎత్తలేదు. ఎందుకో నాకు తెలుసు. అయినా ఆ మాట వాళ్ల నోటితో చెప్పాలి.

పొలం గట్టు కొట్లాటలో శిక్ష పడింది. అనుభవించాను. అయిపోయింది. తల దించుకుని తిరగడం నాకు చేతకాదు.

వచ్చాక మొదట చేసిన పని, జనగామలో ఉండే మా అక్కను పిలిచి ఒడిబియ్యం పోయడం. నేను లోపల ఉన్నన్నాళ్లూ ఆమెకు పుట్టింటి పిలుపే లేదు. గూడూరు దగ్గరి మా పొలంలో పండిన బియ్యానికి పసుపు కలిపి, నేనూ నా భార్యా ఆమె కొంగులో పోశాం. వాటిని అత్తగారింట్లో వండి వాడకట్టుకు భోజనం పెట్టాలి. పోసినవాళ్లనూ పిలవాలి. పిలుపు రాలేదు. నేనే మహబూబాబాద్‌లో రైలెక్కి జనగామ వెళ్లాను.

అక్కా వాళ్ల వాకిట్లో కోళ్లు గింజలు ఏరుకుంటున్నాయి. పసుపు పట్టిన బియ్యపు గింజలు.

"బావా, గివి నా బియ్యమే గదా?"

"ముందు కాళ్లు కడుక్కో బామ్మర్దీ. వస్తనే పంచాయతి పెడ్తున్నవ్."

గోడ అవతల నుంచి పక్కింటి ముసలామె నవ్వింది. "జైలు కూడు మాకెందుకు బిడ్డా! కోళ్లకైతే పట్టింపు లేదు."

"జైలు కూడు నేను తిన్న అవ్వా. గివి నా పొలంల పండినయి. కోళ్లకున్న తెలివి మీకు లేకపాయె!"

ఆమె లోపలికి పోయింది. బావ లేచి కోళ్లను తోలాడు.

అక్క పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది. అన్నం పసుపు రంగులో ఉంది.

"జరన్ని దాచిన తమ్మీ. నువ్వు రాకుంట ఉండవని ఎరుకే. నా ఒడిల పోసినయి నేను తినకుంటె ఎట్ల?"

ఇద్దరం ఒకే పళ్లెంలో తిన్నాం. బావ గడప మీద కూర్చుని వీధి వైపు చూశాడు.

విను బావా, అక్క ఒడి మళ్లీ నింపుతాను. ఈసారి మూట నేనే మోసుకొచ్చి, నీ వాకిట్లోనే పొయ్యి పెట్టిస్తాను. తినేవాళ్లు తింటారు. కానీ ముందు ఒక్క మాట తేల్చు. ఆ బియ్యాన్ని కోళ్లకు చల్లింది నువ్వా, లేక మా అక్క చేతనే చల్లించావా? చెప్పు.