నెలపత్రికలో పడిన పేరు

డిగ్రీ పూర్తయి, తెలుగు టైపు హయ్యర్ కూడా పాసై, ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్న రోజుల్లో గుంటూరులో ఒక రిటైరైన డ్రిల్లు టీచరు గారి దగ్గర పనికి కుదిరాను. పని అనడమే గానీ, ఆవిడది ఆఫీసూ కాదు, కంపెనీ కాదు. అరండల్‌పేటలో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఒక టైపు మిషను, పిడి తిప్పి కాపీలు తీసే ఒక సైక్లోస్టైల్ మిషను, గోడ పొడుగునా ఆటల పోటీల్లో దిగిన గ్రూపు ఫొటోలు. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో విజిలు ఊదిన మనిషి ఆవిడ. రిటైరయ్యాక ఆవిడకి ఒకటే దిగులు పట్టుకుంది. ఆడే పిల్లలు పల్లెల్లో ఉన్నారు, ఆడేవాళ్ళని చేర్చుకునే కాలేజీలూ ఉద్యోగాలిచ్చే ఆఫీసులూ పట్నాల్లో ఉన్నాయి, మధ్యలో కబురు చెప్పే నాథుడు లేడు. ఆ కబురేదో తానే చెబుదామని నెలకోసారి నాలుగు పేజీల పత్రిక మొదలుపెట్టారు.

మొదటి పేజీలో మా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ ఊళ్ళో ఏ పిల్ల ఏ ఆట ఆడుతోంది, ఎంత చదివింది, ఏ పోటీలో ఏం చేసింది అన్న వివరాలు ఉండేవి. లోపలి పేజీల్లో రేడియోలో రైతుల కార్యక్రమం చదివే ఒకావిడ గురించో, ఒంగోలు నుంచి పేపరుకు వార్తలు పంపే ఒక పంతులమ్మ గురించో రాయించేవారు. "ఆడేవాళ్ళ గురించి చెప్పే ఆడవాళ్ళు కూడా ఉండాలిగా" అనేవారు. కాలేజీ ప్రిన్సిపాళ్ళకి, బ్యాంకులకి, రైల్వేవాళ్ళకి, పేపరాఫీసులకి, పిల్లలు చదివే బళ్ళకి ఆ పత్రిక పోస్టులో వెళ్ళేది.

వార్తలు పోగు చేసి స్టెన్సిల్ అనే మైనపు కాగితం మీద టైపు కొట్టడం నా పని. స్టెన్సిల్ మీద ఒక అక్షరం తప్పు పడితే ఎర్ర మందు రాసి, ఆరిందాకా ఆగి, దాని మీదే మళ్ళీ కొట్టాలి. అంతా అయ్యాక టీచరు గారు స్టెన్సిల్‌ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఒక్కో పేరూ వేలు పెట్టి చదివేవారు. "ఆటలో ఫౌలైతే నేను విజిలేస్తాను. అచ్చులో ఫౌలైతే ఎవరేస్తారమ్మా?" అనడం ఆవిడ అలవాటు.

ఆ పిల్లలందరిలో నాకు బాగా ఇష్టమైన పిల్ల ఒకతె ఉండేది. ప్రత్తిపాడు దగ్గర పల్లె. పదో తరగతి చదువుతూ కబడ్డీ ఆడేది. తల్లీ తండ్రీ మిరప కోతలకు వెళ్ళేవాళ్ళు. తండ్రి ఆదివారాలు వాళ్ళ చర్చిలో గంట కొట్టేవాడు. ఒకసారి వాళ్ళ బడిలో పోటీ చూడ్డానికి వెళ్ళాను. ఆ పిల్ల కూతకెళ్ళి, నలుగురు మీద పడితే ఆ నలుగురినీ ఈడ్చుకుంటూ గీత దాకా పాకి, వేలి కొసతో గీత ముట్టుకుంది. లేచి నిలబడ్డాక మొహమంతా మట్టే. నవ్వితే పళ్ళొక్కటే కనిపించాయి. ఆ రోజు నుంచీ ఆ పిల్ల వార్త ఎక్కడ దొరికినా ముందు అదే రాసుకునేదాన్ని.

సంక్రాంతి సెలవులయ్యాక రాష్ట్ర జట్టుకి ఎంపికలు జరిగాయి. వారం తర్వాత స్టేడియం నోటీసు బోర్డు మీద జాబితా పెట్టారని తెలిసి నేను పరుగెత్తాను. చేత్తో రాసిన పన్నెండు పేర్లు. తొమ్మిదో పేరు ఆ పిల్లది! అదే పేరు, ముందు అదే ఇంటిపేరు అక్షరం. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఒక్కో పేరు పక్కన జిల్లా పొడి అక్షరాల్లో రాసి ఉంది. ఆ సంతోషంలో నేను అవి రాసుకోలేదు, సరిగా చూడను కూడా లేదు. పేర్లు మాత్రం గబగబా కాగితం మీదకి ఎక్కించుకుని వచ్చేశాను.

"జిల్లా చూశావా?" అని అడిగారు టీచరు గారు.

"చూశానండీ" అన్నాను.

ఆ నెల పత్రికలో మొదటి పేజీ మొదటి వార్త అదే. ఊరి పేరు, బడి పేరు, మిరప కోతలకు వెళ్ళే తల్లిదండ్రుల సంగతి అన్నీ కలిపి నేనే రాశాను. అంత బాగా నేను అంతకు ముందెప్పుడూ రాయలేదని టీచరు గారు మెచ్చుకున్నారు కూడా. పత్రిక ఆ పిల్ల ఊరు చేరాక వచ్చిన ఆదివారం చర్చిలో పాస్టరు గారు అది పైకి చదివి ప్రత్యేక ప్రార్థన చేయించారట. బడిలో పిల్లల చేత చప్పట్లు కొట్టించారట.

పది రోజులకి చీమకుర్తి దగ్గర ఒక బడి నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి డ్రిల్లు మాస్టారు రాశారు. చాలా మర్యాదగా రాశారు. తమ బడిలో ఒక అమ్మాయి రాష్ట్ర జట్టుకి ఎంపికైందనీ, ఆ అమ్మాయి తండ్రి క్వారీలో రాయి కొడతాడనీ, మీ పత్రికలో ఆ పేరు గుంటూరు జిల్లా పిల్లదిగా పడిందనీ, అది చూసి తన చోటు ఇంకెవరికో ఇచ్చేశారేమోనని తమ పిల్ల రెండు రోజులుగా ఏడుస్తోందనీ, దయచేసి విచారించమనీ.

ఆ సమయానికి టీచరు గారు ఇంట్లో లేరు. నేను ఉత్తరం చేతిలో పట్టుకునే స్టేడియానికి నడిచాను. జాబితా ఇంకా బోర్డు మీదే ఉంది, ఎండకి కాస్త రంగు మారింది. తొమ్మిదో పేరు పక్కన 'ప్ర' అని స్పష్టంగా ఉంది. ప్రకాశం. ఎంతసేపు చూసినా అది 'గుం' కాలేదు.

తిరిగి వచ్చేసరికి టీచరు గారు వరండాలో కూర్చుని ఉన్నారు. ఉత్తరం ఆవిడ చేతికిచ్చాను. చదివి, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"జిల్లా చూశానన్నావుగా?"

"చూడలేదండీ. చూశానని అబద్ధం చెప్పాను."

తిడతారనుకున్నాను. రేపటి నుంచి రావద్దంటారనుకున్నాను. ఆవిడ ఉత్తరం మడిచి నా చేతికి తిరిగిచ్చారు. తర్వాత, "తప్పు రాస్తే దిద్దుకోవచ్చమ్మా. కానీ ఆ ప్రత్తిపాడు పిల్లకి ఈ సంగతి పత్రిక చూసి తెలియకూడదు. నువ్వే వెళ్ళి చెప్పు. పొద్దున్నే బస్సెక్కు" అన్నారు.

మర్నాడు ప్రత్తిపాడు బస్సులో కూర్చుని ఏం చెప్పాలో వంద రకాలుగా అనుకున్నాను. ఒక్కటీ బాగా లేదు. బస్సు దిగి పల్లెకి నడిచి వెళితే ఇల్లు తాళం వేసి ఉంది. కల్లంలో ఉన్నారని పక్కింటావిడ చెప్పింది.

ఊరి చివర పొలాల్లో కల్లాలు. కోసిన మిరపకాయలు ఎకరాల కొద్దీ నేల మీద ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. దగ్గరికి వెళ్ళేసరికే ఘాటుకి దగ్గు పట్టుకుంది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తెల్లబడిన తాలు కాయలు ఏరి పక్కన పడేస్తున్నారు. ఆ పిల్ల కూడా వాళ్ళలో ఉంది. వోణీ మీద తండ్రి పాత చొక్కా తొడుక్కుని, తలకి తుండుగుడ్డ చుట్టుకుంది. నన్ను చూసి లేచి వచ్చింది. నడకలో ఒక కాలు కొంచెం ఈడుస్తోంది.

"అక్కా! నువ్వేంది ఇట్టా వచ్చావు?"

"నీతో ఒక మాట చెప్పాలి."

"జట్టు సంగతేనా?"

అవునని చెప్పి, నిలబడ్డ చోటే అంతా చెప్పేశాను. ఆ పేరు నీది కాదు, చీమకుర్తి వైపు ఇంకో అమ్మాయి ఉంది, మీ ఇద్దరి పేరూ ఒకటే, బోర్డు మీద జిల్లా రాసే ఉంది, నేను చూసుకోలేదు, చూశానని మా టీచరు గారికి అబద్ధం కూడా చెప్పాను, తప్పంతా నాదే అన్నాను. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల కాళ్ళ వైపే చూశాను.

"అమ్మయ్య" అంది ఆ పిల్ల.

నేను సరిగా వినలేదేమో అనుకున్నాను. తలెత్తి చూస్తే గుండెల నిండా ఊపిరి తీసుకుంటోంది.

"అమ్మయ్యంటావేంటి?"

"ఎంపికల రోజు నా ఆట నువ్వు చూళ్ళేదుగా అక్కా. ఆరుసార్లు కూతకెళ్తే నాలుగుసార్లు పట్టేశారు. మడమ బెణికుంది, ఎవరికీ చెప్పలా. అట్టాంటి ఆటకి నన్నెట్టా తీసుకున్నారా అని మీ పేపరొచ్చిన కాడ్నించీ ఒకటే గుబులు. అక్కడికి పోయి నిలబడితే నా సంగతి బయటపడుద్దిగా? నేను కాదేమో నాన్నా అంటే ఇంట్లో ఎవరూ వినలా."

"నీకు ముందే అనుమానం ఉందా?"

"ఆ చీమకుర్తి పిల్లని ఎంపికల్లో చూశానక్కా నేను. మా పేరు పిలిస్తే ఇద్దరం లేచాం. అందరూ నవ్వారు. ఆ పిల్ల కూతకెళ్తే పట్టడం ఎవరి తరం కాలా. ఆ పిల్లని తీసుకోకపోతేనే అన్యాయం."

ఈలోగా తండ్రి బస్తా కింద పడేసి మా దగ్గరికి వచ్చాడు. కూతురే చెప్పేసింది, "నేను కాదంట నాన్నా, ఇంకో పిల్లంట" అని. ఆయన నా వైపు చూశాడు.

"నిజమేనా అమ్మా?"

"నిజమేనండీ. నేనే తప్పు రాశాను."

"ఊరంతా చెప్పుకున్నామే!" అని అరిచినట్టే అన్నాడు. తాలు ఏరే ఆడవాళ్ళందరూ చేతులాపి చూశారు. "చదువుకున్నోళ్ళు, కళ్ళు పెట్టి చూసి రాయక్కర్లా? పాస్టరు గారికి నా మొహం ఎట్టా చూపించేది?"

"మీరు ఎంతన్నా పడాల్సిందేనండీ" అన్నాను.

ఆయన కల్లం అంచున అటూ ఇటూ నాలుగడుగులు వేశాడు. వెనక్కి వచ్చి, "ఆ పిల్ల నాయన ఏం చేస్తాడంట?" అన్నాడు.

"క్వారీలో రాయి కొడతాడటండీ."

"ఆ పిల్లకి తెలుసా, ఎంపికైందని?"

"తెలుసండీ. కానీ మా పత్రిక చూసి, తన చోటు తీసేశారనుకుని రెండు రోజులుగా ఏడుస్తోందట."

"ఏడుస్తోందా?" అని ఆయన అక్కడే బస్తా మీద కూలబడ్డాడు. కోపం ఎటు పోయిందో గానీ, మళ్ళీ నోరు తెరిచేసరికి గొంతు మారింది. "మరి ఇక్కడ నిలబడతావేందమ్మా? ముందు ఆ పిల్లకి రాయండి. చోటు నీదేనని రాయండి. మా సంగతి తర్వాత చూసుకుందాం."

నాకు ఏడుపొచ్చింది. మిరప ఘాటు కళ్ళలో పడిందని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. తల్లి వచ్చి, "ఎప్పుడు తిన్నావో ఏమో, మొకం పీక్కుపోయింది" అని చెయ్యి పట్టుకుని నీడలోకి తీసుకెళ్ళింది. క్యారియర్లోంచి అన్నం, గోంగూర పచ్చడి పెట్టింది. ముందు రోజు ఉత్తరం వచ్చినప్పటి నుంచి నేను ముద్ద మింగలేదు. అంత ఇష్టంగా అన్నం తిన్న రోజులు నా జీవితంలో ఎక్కువ లేవు. పక్కనే కూర్చున్న ఆ పిల్ల కాలు చాపి మడమ చూపించింది. నిజంగానే వాచి ఉంది.

ఆ సాయంత్రమే చీమకుర్తికి ఎక్స్‌ప్రెస్ ఉత్తరం పంపాం. ఆ ఆదివారం టీచరు గారూ నేనూ కలిసి ప్రత్తిపాడు పిల్ల ఊరి చర్చికి వెళ్ళాం. ఆవిడ వెళ్ళాలన్నారు. వెనక చాప మీద ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాం. నేనే లేచి చెప్పాల్సి వస్తుందేమోనని మాటలు కూడగట్టుకుంటున్నాను. కానీ ఆ తండ్రే లేచాడు.

"మొన్నామధ్య ఇక్కడ మా పిల్ల ఎంపికైందని చెప్పాం. అది కరెక్టు కాదు. ఇంకో పిల్ల ఎంపికైంది, ఆ పిల్లదీ ఇదే పేరు. మనం చేసిన ప్రార్థన ఎటూ పోలా, ఆ పిల్లకి చెందింది. మా పిల్లకి కాలు బాగుచేయించి వచ్చే ఏడు పంపుతాం." అని కూర్చున్నాడు. ఒక్కరు కూడా నవ్వలేదు. పాస్టరు గారు ఇద్దరి పేరుతోనూ ప్రార్థన చేశారు. పేరు ఒకటే కనక ఒకసారి చెబితే సరిపోయింది.

సవరణ కింద మూలలో వేద్దామని నేను చిన్నగా రాసుకొస్తే టీచరు గారు ఒప్పుకోలేదు. మొదటి పేజీలో, గీతల మధ్య, పొరపాటు ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాయించి, కింద నా పేరు పెట్టించారు. పత్రికలో నా పేరు పడడం అదే మొదటిసారి. సిగ్గేసింది గానీ, స్టెన్సిల్ మిషను మీదకి ఎక్కించి పిడి తిప్పుతుంటే ఒక్కో కాగితానికీ బరువు దిగుతున్నట్టు అనిపించింది.

ఆ నెలలోనే గుంటూరులోని ఒక ఆడపిల్లల కాలేజీ ప్రిన్సిపాలు గారి నుంచి జాబు వచ్చింది. తన తప్పుని మొదటి పేజీలో వేసుకున్న పత్రిక మీద తనకు నమ్మకం కుదిరిందనీ, ప్రత్తిపాడు వైపు పిల్లని పదో తరగతి పాసయ్యాక ఒకసారి తీసుకురమ్మనీ రాశారు. చీమకుర్తి పిల్ల జట్టుతో వెళ్ళి వచ్చి, రైల్లో కిటికీ పక్కన కూర్చున్న సంగతి ఒక పేజీ, ఆటల సంగతి రెండు ముక్కలు రాసింది. మొదటి పోటీలోనే ఓడిపోయారట. ఆ ఉత్తరాన్ని లోపలి పేజీలో యథాతథంగా వేశాం.

వేసవిలో టీచరు గారు మా ప్రత్తిపాడు పిల్లని ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మడమకి కట్టు కట్టించారు. పదో తరగతి పాసై, జులైలో ఆ కాలేజీ గ్రౌండులో ఆడి చూపించింది. ఆటల కోటాలో సీటూ, హాస్టల్లో చోటూ ఇచ్చారు. చేర్చడానికి తండ్రితో పాటు నేనూ వెళ్ళాను. ట్రంకు పెట్టె ఆయన భుజాన పెట్టుకున్నాడు, నేను పక్కబట్టల చుట్ట పట్టుకున్నాను. ఆ పిల్ల లోపలికి వెళుతూ ఒక్కసారి చెయ్యి ఊపి, ఎవరో పిలిస్తే పరుగెత్తింది. పరుగులో ఏ కాలూ ఈడవలేదు.

గేటు బయట బడ్డీకొట్టు దగ్గర టీ తాగాం.

"వచ్చే కోతల్లో ఒక మనిషి తక్కువ" అన్నాడు ఆయన. అని తనే గట్టిగా నవ్వాడు.

బస్సు వచ్చేదాకా అక్కడే నీడలో నిలబడ్డాం.