కంటి ఆసుపత్రి టోకెన్ మెషీన్

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది, రిటైర్మెంట్‌కు కాస్త ముందు, రాజమండ్రిలోని ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రి పని మీద కంపెనీ నన్ను హైదరాబాద్ నుంచి పంపింది. నేను సీనియర్ యూఎక్స్ డిజైనర్‌ని. తెరకు రంగులు వేసే ఉద్యోగమని చాలామంది అనుకుంటారు. వాడే మనిషి ఎక్కడ తడబడతాడో, ఏది చూసి పొరబడతాడో కనిపెట్టి, ఆ చిక్కు లేకుండా తెరను అమర్చడం అసలు పని.

ఓపీకి వచ్చేవాళ్ల కోసం ఆసుపత్రిలో కొత్తగా టోకెన్ మెషీన్ పెట్టారు. తెర మా కంపెనీలోనే మరో బృందం చేసింది. ప్రారంభానికి ముందు పరీక్షించడం నా వంతు. పరీక్ష అంటే, రోగులనే మెషీన్ ముందు నిలబెట్టి, ఏమీ చెప్పకుండా పక్కనుంచి చూడటం. పెద్దవాళ్లలో చాలామంది ఫోన్ నంబరు కొట్టగానే తెరమీద కనిపించిన అంకెనే టోకెన్ అనుకుని వెళ్లి కూర్చున్నారు. అది రోగి గుర్తింపు సంఖ్య. టోకెన్ రావాలంటే అడుగున ఉన్న ‘నిర్ధారించండి’ అనే బటన్ నొక్కాలి. దాని అక్షరాలు లేత బూడిద రంగు. చూపు మందగించి వచ్చినవాళ్లకు అవి ఆనలేదు.

అడ్మినిస్ట్రేటర్ రాజుగారికి ఇదంతా వివరించాను. మర్యాదగా విన్నారు.

“రంగు ఛైర్మన్ గారే ఎంచుకున్నారండి. బానే ఉంది కదండీ,” అన్నారు.

రంగు ఒక్కటే కాదు, జనం టోకెన్ లేకుండానే కూర్చుంటున్నారని చెప్పాను.

“దానికేముందండీ, పక్కన వాచ్‌మన్‌ని పెడదాం. ఆయన చెప్తాడు.”

క్లయింటు ఆమోదం లేకుండా తెరమీద ఒక్క అక్షరం మార్చే అధికారం నాకు లేదు. మా ప్రాజెక్ట్ మేనేజర్‌కు రాశాను. ప్రారంభం అయ్యాక చూద్దామన్నారు. నన్ను వెనక్కి పిలిచారు.

మెషీన్ ప్రారంభమైన కొన్నాళ్లకు సమీక్ష కోసం మళ్లీ వచ్చేసరికి రాజుగారి గదిలో ఆలమూరు నుంచి వచ్చిన ఒకాయన కూర్చుని ఉన్నారు. వాళ్లమ్మ సత్యవతిగారు కన్ను నొప్పితో ఒంటరిగా వచ్చి, తెరమీద కనిపించిన అంకెనే టోకెన్ అనుకుని, పిలుస్తారని ఓపీ మూసేదాకా ఎదురుచూసి ఇంటికి వెళ్లిపోయారు. వాచ్‌మన్ ఆ పూట గేటు దగ్గర బళ్లు సర్దుతున్నాడు. మర్నాడు కొడుకు తీసుకొచ్చేటప్పటికి కంటిలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింది. ఆ కంటికి మళ్లీ చూపు రాలేదు.

“అమ్మగారు బటన్ నొక్కలేదండి,” అంటున్నారు రాజుగారు.

ఆ కొడుకు నా వైపు తిరిగి, “మీరేం చేస్తారండి ఇక్కడ?” అని అడిగారు.

“ఈ మెషీన్‌తో ఎవరూ ఇబ్బంది పడకుండా చూడటం నా పనండి.”

“మరి మా అమ్మకి ఇలా అయిందేంటండి?”

ముందే చెప్పానన్నాను. ఆ మాట ఆయనకు ఎందుకూ పనికిరాదని అంటున్నప్పుడే తెలిసింది. ఆయన లేచి వెళ్లిపోయారు.

తర్వాత అక్షరాలు నల్లగా మార్చారు. బటన్ అక్కడే ఉంచారు.

ఈ పని సరిగ్గా జరిగితే ఎవరికీ కనిపించదు. అందుకే అది అవసరమని ముందుగా ఒప్పించడం నాకు చేతకాలేదు. ఎవరికైనా చేతనవుతుందని ఇప్పుడు నమ్మను. జరగకపోతే మాత్రం తప్పు తెరదని ఎవరూ అనరు. నొక్కనివారిదే అంటారు.