ఒడ్డు మీది పాట

జగిత్యాలలో మా పెద్దమ్మ బియ్యం ఏరుతూ ఎప్పుడూ ఒకే రాగం తీస్తుంది. మాటలుండవు. చిన్నప్పటి నుంచీ వింటున్నా అదేం పాటని నేనెప్పుడూ అడగలేదు. కిందటేడు నేనూ నా స్నేహితురాలూ కలిసి పాటల మీద, జ్ఞాపకాల మీద ఒక షార్ట్ ఫిల్మ్ తీయాలనుకున్నప్పుడు మొదట ఆ రాగమే గుర్తొచ్చింది. కెమెరా ముందు కూర్చోబెట్టి అడిగాను.

"గది నా పాట కాదు బిడ్డా. బుగ్గారంల మా పొలంల నాటేసేటోళ్ల పిల్ల పాడుతుండె. నేను మడి ఒడ్డు మీద కూసోని వింటుంటి. మా నాయిన నన్ను మడిల దిగనియ్యకపోయేటోడు. మాటలైతే ఒక్కటి యాదికి లేదు."

పెద్దమ్మ వాళ్లది ఊళ్లో దొరల ఇల్లు. ఆ పిల్ల తల్లిదండ్రులు వాళ్ల పొలంలో కూలీలు. ఇద్దరిదీ ఒకే వయసు. పెళ్లయ్యాక ఆమె సిరిసిల్ల వెళ్లిందని తప్ప పెద్దమ్మకు ఇంకేమీ తెలియదు. ఆమెకైనా మాటలు గుర్తుంటాయా? అసలు పెద్దమ్మ గుర్తుందా? నాకు ఆగబుద్ధి కాలేదు. బుగ్గారం వెళ్లి ఆ పాడినామె తమ్ముడిని పట్టుకుని ఆమె ఫోన్ నంబరు తీసుకున్నాను. ఆ వారమే పెద్దమ్మను వెంటబెట్టుకుని సిరిసిల్ల వెళ్లాం.

ఆమె ఇల్లు మరమగ్గాల షెడ్డును ఆనుకునే ఉంది. ఒకరి మాట ఒకరికి వినబడనంత చప్పుడు. పెద్దమ్మను చూడగానే ఆమె కొంగు సర్దుకుని, "దొరసానీ, మీరా!" అంది. కుర్చీ వేసి, తాను గడప మీద కూర్చుంది. పక్కవాళ్లు చాయ్ కోసం మగ్గాలు ఆపాక పాట సంగతి నేనే కదిపాను.

"నా పాటనా? ఎవలు జెప్పిండ్రు?" అని నవ్వింది. "గది దొరసాని కట్టిన పాటనాయె! ఒడ్డు మీద కూసోని ఒక్కొక్క మాట అందిచ్చేది. నేను మడిల పాడేది."

"నేనేడ కట్టిన?" అంది పెద్దమ్మ. "మీ అవ్వ దగ్గర నేర్చుకున్న అంటివి గదనే?"

"మా అవ్వకు పాటలే రాకపోయేటివి!"

అంటూనే ఆమె గొంతెత్తింది. ఆదివారాలు చర్చిలో పాడుతుందట, గొంతు ఏమాత్రం వణకలేదు.

వానొచ్చె వానొచ్చె వరినాటు కాడ
పచ్చగాజులు తడిసె మేనమామ బిడ్డ

"పచ్చగాజులు కాదే, ఎర్రగాజులు," అంది పెద్దమ్మ టక్కున.

నేను ఆశ్చర్యపోయాను. "మాటలు యాదికి లెవ్వంటివి గద పెద్దమ్మా?"

"లెవ్వనే అనుకున్న. ఇది తప్పు పాడంగనే యాదికొచ్చె."

"తప్పు నీదే. పచ్చగాజులే," అందామె.

మళ్లీ మగ్గాలు మొదలయ్యాయి. అయినా వాళ్లు ఆపలేదు. ఒకరి చెవి దగ్గర ఒకరు నోరు పెట్టి, ఎవరి గాజులు వాళ్లవిగా పాడుకున్నారు. ఆ చప్పుడులో నేను రికార్డు చేసిందేదీ సరిగా వినబడదని తెలిసినా కెమెరా ఆపబుద్ధి కాలేదు.

ఎడిటింగ్‌లో మళ్లీ మళ్లీ చూస్తుంటే ఒకటి కనిపించింది. పాట మధ్యలో కుర్చీ ఖాళీగా ఉంది. పెద్దమ్మ గడప మీద ఆమె పక్కన కూర్చుని ఉంది. ఎప్పుడు దిగిందో తీసేటప్పుడు నేను గమనించలేదు. "మీరు" కాస్తా "నువ్వు" అయింది కూడా అక్కడే. సినిమా చివర్లో పాట ఎవరిదని వేయాలో ఫోన్ చేసి అడిగితే ఇద్దరూ తమది కాదన్నారు. ఆ చోట ఏమీ రాయకుండా వదిలేశాం.

కోరుట్లలో నా స్నేహితురాలి ఇంటి మేడ మీద తెల్లదుప్పటి కట్టి సాయంత్రం సినిమా చూపించాం. వాళ్లిద్దరూ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. అయిపోగానే పొరుగింటామె లేచి నిలబడింది.

"గిది మా పాటనే గదా? మా ముత్యంపేటల చెరుకు కొట్టంగ పాడుకునేటోళ్లం."

పెద్దమ్మ, సిరిసిల్లామె ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి మొహాల్లోనూ కోపం లేదు, ఆశ్చర్యం మాత్రం ఉంది.

"మీ దాంట్ల గాజులు ఏ రంగువే?" అంది పెద్దమ్మ.

"మా దాంట్ల గాజులే లెవ్వు. కడియాలు."

"ఏదీ, పాడు మరి," అంటూ సిరిసిల్లామె పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చింది.