కళ్లం కుక్క, పెదనాన్న కడుపు

పెనుగంచిప్రోలులో మిర్చి వేసే మా పెదనాన్నకు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ గడ్డ. కీమో అయ్యాక విజయవాడలో ఇమ్యూనోథెరపీ మందు డ్రిప్‌లు మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో పెరిగిన నేను ల్యాప్‌టాప్ పట్టుకుని తోడుగా ఊరికి వెళ్లాను. సిగ్నల్ డాబా మీదే వచ్చేది కాబట్టి నా కాపురమంతా అక్కడే.

ఒక సాయంత్రం ఆ మందు ఏం చేస్తుందని పెదనాన్న అడిగాడు. ఫోన్‌లో వీడియో పెడితే సగంలోనే ఆవలించాడు. నాకు ఒళ్లు మండింది. ఫోన్ ఆపేసి, మిరపకాయలు ఆరబోసిన కళ్లం దగ్గర పడుకున్న కుక్కను చూపించాను. మన ఒంట్లోనూ ఇలాంటి కాపలా కణాలుంటాయని, గడ్డ వాటి తల నిమిరి ‘నేను మీ మనిషినే’ అని నమ్మిస్తుందని, అవి మొరగడం మానేస్తాయని చెప్పాను. ఈ మందు ఆ నిమిరే చేతికి అడ్డం పడుతుంది. పెదనాన్నకు తెగ నచ్చింది. జగ్గయ్యపేట ఆటోల్లో ఎక్కినవాళ్లందరికీ ఇదే కథ చెప్పాడు.

కొన్ని డ్రిప్‌లయ్యాక ఆయనకు విరేచనాలు పట్టుకున్నాయి. పెద్దమ్మ వేడి చేసిందని తేల్చేసింది. మా ఇంట్లో కంటికురుపు నుంచి ముక్కులో రక్తం దాకా అన్నీ వేడే. సబ్జా గింజలు, మజ్జిగ మొదలయ్యాయి. అరుస్తానని నాకు మాత్రం చెప్పలేదు. ఒక ఉదయం ఆయన గోడ పట్టుకుని నడుస్తుంటే బయటపడింది. అరిచాను కూడా. వెంటనే ఆసుపత్రి నర్సుకు ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేశాను. రక్తం పడుతోందా అని ఆవిడ అడిగితే పెదనాన్న తల దించుకుని అవునన్నాడు.

“అది వేడి కాదండి. మందు వల్ల కాపలా కణాలు పేగు మీద పడినట్టున్నాయి. ఆలస్యం చేస్తే పేగుకి చిల్లు పడుద్ది. ఇప్పుడే తీసుకొచ్చేయండి.”

ఆసుపత్రికి బయల్దేరిన కారు నందిగామ దాటింది. అప్పుడు వెనక సీట్లోంచి నీరసంగా పెదనాన్న గొంతు.

“అంటే మన కుక్క మననే కరిసిందా?”

“అవును.”

“నీ వీడియోలో ఈ ముక్క ఉందా?”

“ఉంది. నువ్వు ఆవలించాక వచ్చింది.”

పెద్దమ్మ ఏడుస్తూనే నవ్వింది.

స్టెరాయిడ్లతో కడుపు కుదుటపడింది. డ్రిప్‌లు మాత్రం ఆపేశారు. ఇక గడ్డ రెచ్చిపోతుందేమోనని స్కాన్ దాకా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. స్కాన్‌లో గడ్డ తగ్గింది. మందు ఆపినా మేలుకున్న కణాలు కాపలా మానలేదన్నారు డాక్టరు.

ఇంటికి రాగానే పెదనాన్న కళ్లం దగ్గరికెళ్లి కుక్కకు ఉడికించిన గుడ్డు పెట్టాడు. తల మాత్రం నిమరలేదు.