సలోమి కాలు విప్పి దూకిన రోజు

1996లో నేను ఆత్మకూరులో కృత్రిమ కాళ్లు అమర్చే చిన్న వర్క్‌షాపులో పనిచేసేవాణ్ని. ఉదయగిరి సలోమి కాలేజీ రోజుల్లో హైజంప్ ఛాంపియన్. లారీ ప్రమాదంలో ఆమె కుడికాలు మోకాలి కింద తెగిపోయింది. ఎగిరేటప్పుడు నేలను తన్నే ఎడమకాలు మాత్రం నిక్షేపంగా మిగిలింది. నేను చేసిచ్చిన కాలు తొడుక్కుని మళ్లీ సాధన మొదలుపెట్టింది.

మా ఊళ్లో వికలాంగుల పోటీలు జరిగే రోజు ఉదయం, తండ్రి యేసుదాసు భుజం పట్టుకుని కుంటుతూ వచ్చింది. సాకెట్, అంటే మొండికాలు దూరే గిన్నెలాంటి భాగం, విప్పి చూశాను. చర్మం చిట్లి చీము పట్టింది.

“దీంతో దూకడానికి వీల్లేదమ్మా. చీము పైకి పాకితే మోకాలు కూడా తీసేయాల్సి వస్తుంది.”

“ఈ పొద్దు దూకకపోతే స్టేట్‌కు నన్నెవురు పిలస్తారు సార్?”

“ఏందిమే, ఉండే మోకాలు కూడా పోగొట్టుకుంటావా?” అన్నాడు యేసుదాసు.

ఆమె విప్పిన కాలును పక్కకు నెట్టింది. “అయితే కాలు లేకండానే దూకతా.”

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పుండు కడిగి మందంగా కట్టు కట్టారు. “ఆ కాలి మీద పడిందంటే కష్టం” అన్నారు.

మైదానంలో ఒంటికాలితో గెంతుతూ వచ్చి కడ్డీ మీదుగా ఎగరాలి. అవతల పరుపు లేదు, ఇసుక గుంటే. మొదటిసారి కడ్డీతో సహా పడింది. రెండోసారి ఎగరకముందే జారి మోచేతుల మీద కూలింది. కట్టు మీద ఎర్రగా మరక తేలింది.

“చాల్లేమ్మా, ఇంటికి పోదాం” అంటూ యేసుదాసు పరుగెత్తాడు.

“నువ్వు పక్కకు పో నాయనా.”

ఇక మిగిలింది ఒక్క అవకాశమే. మూడోసారి గెంతుతూ వచ్చి లేచింది. వీపు తగిలి కడ్డీ ఊగింది. నేను గుంట దగ్గరికి చేరేసరికి ఆమె ఎడమ పక్కకు తిరిగి, కళ్లు మూసుకుని పడి ఉంది.

“కాలికి తగిలిందా?”

“కడ్డీ పడిందా సార్?”

“లేదమ్మా!”

పుండు మానింది. రాష్ట్ర పోటీల్లో ఒంటికాలితోనే దూకి పతకం తెచ్చింది. తర్వాత ఉదయగిరిలో ఆటల టీచరైంది. కొత్త కాలు కోసం వచ్చినప్పుడు, “దూకేదానికి కాదు సార్. బస్సెక్కేదానికి, పిల్లకాయల ముందర పొద్దంతా నిలబడేదానికి చెయ్యండి” అంది.

అంతవరకూ పోయిన కాలును తిరిగివ్వడమే నా పని అనుకునేవాణ్ని. అప్పటినుంచి ఎవరొచ్చినా, కొలతలు తీసుకునే ముందు, “ఈ కాలితో మీరేం చేయాలనుకుంటున్నారు?” అని అడగడం మొదలుపెట్టాను.