తుల్జమ్మ చేతి విత్తనం

1963. జహీరాబాద్ సర్కారు దవాఖానలో నేను స్టాఫ్ నర్సుగా చేరి అప్పటికి కొన్నేళ్లయింది. పొద్దున వార్డు పని, మధ్యాహ్నం మశూచి టీకాలకు ఊళ్లు తిరగడం. జీపు ఉంటే జీపు, లేకుంటే ఎవరిదో ఎడ్లబండి. నా నోటి దురుసు సంగతి ఆ ఊళ్లన్నిటికీ తెలుసు. టీకాకు భయపడి గడ్డివాము వెనక దాక్కున్న పెద్దమనుషులను పేరు పెట్టి పిలిచి బయటికి లాగినదాన్ని.

ఆ ఏడు వానాకాలంలో ఝరాసంగం వైపు నుంచి మాణయ్య అనే రైతు తన తల్లి తుల్జమ్మను బండిలో తీసుకొచ్చాడు. ఎడమ రొమ్ములో గడ్డ లేచి, పగిలి పుండయింది. అప్పటికే హైదరాబాద్‌లో చూపించుకున్నారు. అక్కడి డాక్టర్లు ‘ఇన్‌క్యూరబుల్’ అన్నారట, అంటే మందుకు లొంగే దశ దాటిందని. మన వైపు ఆ రోగాన్ని రాచపుండు అంటారు. ఆ మాట వింటే చాలు, పక్కన కూర్చున్నవాళ్లు లేచి దూరం జరుగుతారు.

మాణయ్య నన్ను వరండాలోకి పిలిచాడు. "ఎన్ని దినాలు బతుకుతదో నాకు చెప్పకు సిస్టరమ్మ. ఉన్నన్ని దినాలు మంచిగెట్ల ఉంచాలె, గది చెప్పు. నేను చేస్త."

అలా అడిగినవాణ్ణి అంతకుముందు నేను చూడలేదు. నాకు వెంటనే నచ్చాడు.

అలాంటి పుండుకు డ్రెస్సింగ్ అంటే ఓపిక పని. పాత కట్టును ఉప్పునీళ్లతో నానబెట్టాలి, లాగితే నెత్తురు వస్తుంది. ఫోర్సెప్స్, అంటే వైద్యపు పట్టకారుతో మెల్లగా తీసి, కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ వేయాలి. వాసన తగ్గడానికి పైన బొగ్గుపొడి నింపిన చిన్న సంచి కట్టాలి. మాణయ్య భార్యకు అదంతా నేర్పించాను. టీకాలకు ఆ ఊరు పోయినప్పుడల్లా నేనే కట్టు మార్చేదాన్ని. పని మొదలుపెట్టే ముందు ముక్కుకూ నోటికీ అడ్డంగా మాస్క్ కట్టుకునేదాన్ని, అయిపోయాక పాత కట్లను పెరట్లో కాల్చేసేదాన్ని. దవాఖానలో మాకు నేర్పిన పద్ధతి అది.

దాంతోనే కొంప మునిగింది. మశూచి వచ్చిన ఇళ్లలో పక్కబట్టలు కాల్పించింది కూడా నేనే కదా! అదే నర్సు, అదే మాస్క్, అదే మంట. ఇది అంటురోగమేనని ఊరు తీర్మానించుకుంది. తర్వాతిసారి నేను వెళ్లేసరికి తుల్జమ్మ పశువుల కొట్టంలో ఉంది, విడిగా ఒక గిన్నె, ఒక చెంబు. పంపించింది మాణయ్య పెద్దబాపు, అంటే తండ్రికి అన్న. ఆ ఇంటికి ఆయన మాటే శాసనం.

తుల్జమ్మను కొట్టంలో పడుకోవడం కంటే ఇంకో సంగతి ఎక్కువ బాధపెట్టింది. వానలు తగ్గాక యాసంగి జొన్న వేసే రోజున, గొర్రు మీద విత్తనం పోసే కొయ్యగిన్నెలో మొదటి పిడికెడు ఆ ఇంట్లో ఎప్పుడూ ఆమే పోసేది. ఈసారి ఆ పిడికెడు తన భార్య పోస్తుందని పెద్దాయన చెప్పేశాడు.

"పుండు నా రొమ్ముకుంది, చేతికి లేదు," అంది తుల్జమ్మ నాతో. "నేనింక సావలేదు సిస్టరమ్మ. గప్పుడే నన్ను తీసి పక్కకు పెట్టిన్రు."

నా ఒళ్లు మండిపోయింది. కట్టు మార్చి నేరుగా పెద్దాయన అరుగు దగ్గరికి పోయాను, మాణయ్య నా వెనకే వచ్చాడు.

"అంటుకోదంటున్నవ్ గద నర్సమ్మ," అన్నాడు పెద్దాయన. "మరి నువ్వు మూతికి గుడ్డెందుకు కట్టుకుంటవ్? కట్లెందుకు కాలవెడ్తవ్?"

"నా నోట్ల క్రిములు ఆమె పుండ్ల పడొద్దని కట్టుకుంట. ఆమెతోని నాకు భయం లేదు. నాతోనే ఆమెకు భయం. కట్లు ఈగలు ముసురొద్దని కాలవెడ్త."

"నీకేం, దవాఖాన మనిషివి. మాకు పిల్లలున్నరు."

"పిల్లలున్నరు గనుకనే చెప్తున్న. ముసలితనంల మిమ్మల్ని గూడ కొట్టంల పండవెట్టుడు నేర్చుకుంటరు."

ఆయన ముఖం ఎర్రబడింది. నాతో మాట్లాడటం మానేసి మాణయ్య వైపు తిరిగాడు. "మీ అమ్మ చెయ్యి విత్తనం మీద పడితే నా ఎద్దును ఇయ్య."

అది మామూలు బెదిరింపు కాదు. ఆ ఊళ్లో చిన్న రైతులకు తలా ఒక ఎద్దు ఉండేది, ఇద్దరివి కలిపితే జత. పెద్దాయన ఎద్దు రాకపోతే మాణయ్య గొర్రు కదలదు. నల్లరేగడిలో పదును ఆరిపోతే ఆ ఏడు జొన్న లేనట్టే, ఇంటిల్లిపాదికీ తిండి లేనట్టే. మాణయ్య తలవంచుకున్నాడు. పెద్దబాపు ముందు ఎన్నడూ నోరెత్తని మనిషి. ఇక లొంగిపోతాడనే అనుకున్నాను.

"ఎద్దును నీ దగ్గరనే ఉంచుకో పెద్దబాపు," అన్నాడు. "అమ్మను ఇంట్లకు తోల్కపోతున్న."

విత్తే రోజున ఆ ఊళ్లో నాకు పనేమీ లేదు. లేని పని కల్పించుకుని పోయాను. మాణయ్య తన ఎద్దుకు జతగా ఎవరిదో దున్నపోతును అడిగి తెచ్చి కట్టాడు. అబ్బో, ఆ జోడును చూడాలి! ఎద్దు ముందుకు లాగుతుంటే దున్నపోతు పక్కకు లాగుతుంది. జనం విరగబడి నవ్వారు. బండిలో పడుకోబెట్టి తెచ్చిన తుల్జమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది, నవ్వితే కట్టు కింద నొప్పి పుడుతున్నా. కోడలి భుజం పట్టుకుని దిగి, పిడికెడు జొన్నలు గొర్రు గిన్నెలో పోసింది.

గట్టు మీద పెద్దాయన, పక్కన ఆయన భార్య. తుల్జమ్మ ఆయన వైపు తిరిగి గట్టిగా అంది. "బావా, నా రోగం నాతోనే పోతది. నీ భయం నీ మనుమల దాక పోతది."

సాళ్లు వంకరటింకరగా పడ్డాయి కానీ మొలక బాగానే వచ్చింది.

జొన్న కంకి వేసే నాటికి తుల్జమ్మ పోయింది. నొప్పికి మార్ఫియా సూది వేసేవాళ్లం, చివరికి అది కూడా చాలలేదు. పోయింది మాత్రం తన ఇంట్లో, తన మంచం మీద, కొడుకు ఒడిలో.

కబురందగానే వెళ్లాను. వాకిట్లో చుట్టాలు దూరంగా నిలబడి ఉన్నారు, శవానికి స్నానం చేయించడానికి ఒక్క ఆడమనిషి ముందుకు రాలేదు. కోడలూ నేనూ మొదలుపెట్టాం. ఇంతలో పెద్దాయన భార్య కాగిన నీళ్ల బిందె ఎత్తుకుని జనం మధ్యనుంచి వచ్చింది.

"ఎవల్నడిగి పోతున్నవే?" వెనకనుంచి అరిచాడు పెద్దాయన.

"ఎవల్నడగలే," అంది ఆమె, తిరిగి చూడకుండానే. బిందె దించి కొంగు బిగించి, నాతో "జర జరుగు నర్సమ్మ, మా చెల్లెకు నేను వోస్త" అంది.

అదే రోజు నా ఉద్యోగం నాకు సరిగ్గా అర్థమైంది. ఆ తర్వాత నయంకాని రోగి ఇంటికి ఎప్పుడు పోయినా, గుమ్మం బయట ఎవరు నిలబడిపోయారో ముందు చూసేదాన్ని. వాళ్లను లోపలికి లాగాకే డ్రెస్సింగ్ మొదలుపెట్టేదాన్ని.