పుస్తకంలో పిల్లకు ఒడిబియ్యం

పెళ్లి ఒక్క వాక్యంలో అయిపోయింది. తెల్లారేసరికి వాళ్లిద్దరికీ పెళ్లయిందని రాసి, చుక్క పెట్టి, మరుసటి పేరాలోనే రచయిత్రి గుర్రాల దాణా సంగతి ఎత్తుకుంది. రెండు కాగితాలు అతుక్కుపోయాయేమోనని వేలితో గీకి చూశాను. లేదు. ఒక్కో భాగం ఇటుకంత లావు పుస్తకం, ఇన్నేళ్లు కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసి చదివితే పెళ్లి ఒక్క వాక్యమా? ఒళ్లు మండి పుస్తకాన్ని కౌంటర్ మీద పడేశాను. చీర ఫాల్ కోసం వచ్చిన ఆవిడ ఉలిక్కిపడి ఏమైందమ్మా అనడిగింది. మా పిల్ల పెళ్లి మాకు చెప్పకుండా చేసేశారన్నాను. పాపం, ఆవిడ నిజమే అనుకుని చాలాసేపు ఓదార్చి వెళ్లింది.

నాది వికారాబాద్‌లో మ్యాచింగ్ సెంటర్. జాకెట్ ముక్కలు, లంగాలు, ఫాల్స్ అమ్ముతాను. నోరు కొంచెం పెద్దదని బజారంతా అంటారు, అననివ్వండి. ఆ నవల మొదటి భాగం ఎవరో గిరాకీ మర్చిపోయి వెళ్లిన సంచిలో దొరికింది. సర్వే శాఖలో పనిచేసే ఈ కాలం పిల్ల ఒకతె పాడుబడ్డ మెట్లబావి కొలతలు తీయడానికి దిగుతుంది. పైకి వచ్చేసరికి గోల్కొండ సుల్తానుల కాలం. అక్కడ గుర్రపుశాలలో పనిచేసే ఒకడు ఎదురవుతాడు. ఇక చెప్పేదేముంది, నేను కూడా పడ్డాను బావిలో. సంచి తాలూకు ఆవిడ వస్తే ఇద్దామని దాచి, ఆవిడ వచ్చేలోపు పూర్తి చేసి, వచ్చాక రెండో భాగం ఎప్పుడొస్తుందని ఆవిడ్నే అడిగాను.

అప్పట్నించి నా షాపులో ఒక అర అంతా ఆ పుస్తకాలే. పరిగి నుంచి, మోమిన్‌పేట నుంచి ఆడవాళ్లు జాకెట్ ముక్క వంకతో వచ్చి పుస్తకం పట్టుకెళ్లేవాళ్లు. వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఎవరైనా తర్వాత జరిగేది ముందే చెప్పేస్తే వాళ్లతో మాటలు బంద్. మా ఆయన ఆ కథానాయకుణ్ణి గుర్రపోడు అంటాడు. ఒకరోజు నేను అన్నం పెట్టడం ఆలస్యమైతే, గుర్రపోడు తిన్నాడా అని అడిగాడు. తిన్నాడు, తిన్నాక గిన్నె కూడా కడిగాడు అన్నాను.

అందరికంటే పెద్ద పిచ్చి మా అత్తమ్మది. ఆమెకు చదువు రాదు. చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుంటే నేను చదివి వినిపించాలి. ఊరికే వినదు, లాయర్లా అడ్డు ప్రశ్నలు వేస్తుంది. ఆ పిల్ల అక్కడ తలకు ఏం పెట్టి పోసుకుంటుంది, జ్వరమొస్తే గోళీ ఎక్కడిది, వాళ్లమ్మ ఇక్కడ పోలీసు రిపోర్టు ఇచ్చిందా లేదా. ఆ చివరి ప్రశ్న మాత్రం ప్రతి భాగంలోనూ అడిగేది.

మెట్లబావి పడమటి కొండల్లో ఉందని పుస్తకంలో రాసి ఉంది. ఇంకేం, అనంతగిరే అని మేం తేల్చేశాం. కాబట్టి పిల్ల మా వికారాబాద్ ఆడబిడ్డ. గుర్రపోడి తండ్రి నాపరాళ్లు కొట్టేవాడని ఒకచోట ఉంటే, తాండూరు వాళ్లు ఎగిరి గంతేసి పిల్లగాడు మావాడన్నారు. అప్పట్నించి మేం ఆడపెళ్లివాళ్లం, వాళ్లు మగపెళ్లివాళ్లు, ఇక వాళ్లది ఒకటే బెట్టుసరి. తాండూరులో కన్నడం కలిపి మాట్లాడే ఒకావిడ అయితే, మా పిల్లగాడికి కట్నంగా మీ కొండ రాసిస్తారా అని మెసేజ్ పెట్టింది.

తాండూరు నుంచి షాపుకు వచ్చేవాళ్లలో ఒక టీచరమ్మ ఉంది. మనిషి నెమ్మది. నేను పది మాటలంటే ఒకటి అంటుంది, ఆ ఒక్కటీ నవ్వుతూ అంటుంది. కుల్కచర్ల దగ్గర పొలాలు బాగా ఉన్న ఇంటి పిల్ల. తనతో పనిచేసే సారునే చేసుకుంది. సారు వాళ్లు క్రైస్తవులు. టీచరమ్మ తండ్రి ముందే పోయాడు, ఉన్నది తల్లి ఒక్కతే. నాకు బిడ్డే లేదనుకుంటానని ఆ తల్లి నలుగురిలో అనేసింది. అంతే, పుట్టింటి గడప మూతపడింది. అత్తగారింట్లో ఆమెను బంగారంలా చూసుకుంటారు, అది వేరే సంగతి. ఒకసారి నేను, ఈ నవలలో నీకు గుర్రపోడే కదా ఇష్టం అని ఆటపట్టిస్తే, కాదక్కా, ఆ పిల్ల తల్లిని తలుచుకున్న పేజీలే మళ్లీ మళ్లీ చదువుత అంది.

ఇప్పుడు ఈ ఒక్క వాక్యం పెళ్లితో గ్రూపు అట్టుడికిపోయింది. రచయిత్రికి లేఖ రాద్దామని కొందరు, మనమే పెళ్లి చేద్దామని ఇంకొందరు. రాత్రి అన్నాలప్పుడు ఆ గోల అంతా అత్తమ్మకు చెప్పాను. ఆమె తాపీగా, పెళ్లి అయిపోయింది కదా, మళ్లీ చేస్తే తప్పు, ఇప్పుడు పుట్టింటోళ్లం చేయాల్సింది ఒడిబియ్యం పోయడం అంది. పెళ్లైన ఆడబిడ్డను పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం కొంగులో పోయకపోతే అదేం పుట్టిల్లు? ఆ పిల్లకు ఆ కాలంలో ఎవరున్నారు? నాకు ఆనందంతో పిచ్చెక్కింది. చేయి కడగకుండానే గ్రూపులో పెట్టేశాను.

ఆదివారం మా ఇంటి నిండా ఆడవాళ్లు. ఎండుకొబ్బరి కుడుకలు ఒకరు, ఖర్జూరాలు ఒకరు, వక్కలు ఒకరు, ఎవరికి వాళ్లు తమ ఇంటి పెళ్లిలాగే తెచ్చారు. తాండూరు వాళ్లు మగపెళ్లివాళ్లమని దిగగానే కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు అడిగారు, ఇచ్చిన చెంబు చిన్నదని వంక పెట్టారు. మా మామ కొత్త ధోవతి కట్టుకుని వచ్చి, పిల్లగాడేడి అని అడిగాడు. ఆయనకు ఎవరూ సరిగా చెప్పలేదు.

అంతా సిద్ధమయ్యాక గుర్తొచ్చింది, పోయడానికి ఒడి కావాలి కదా. పిల్ల తరఫున పీట మీద ఎవరు కూర్చోవాలి? ఇంత మంది చదువుకున్నవాళ్లం, ఒక్కరికీ తట్టలేదు. నేను పనికిరాను, ఇది నా అత్తగారిల్లు. పరిగి ఆవిడకు మొన్ననే అన్నదమ్ములు పోశారట. మోమిన్‌పేట ఆవిడకు పెళ్లై సరి సంవత్సరం, సరి సంవత్సరంలో పోయకూడదు. ఇంకొకావిడ, వేరేవాళ్లు పోశారని తెలిస్తే మా అన్న అలుగుతాడు, నావల్ల కాదంది. ప్రతి ఒక్కరికీ ఒక పుట్టిల్లు అడ్డం వచ్చింది. ఏ అడ్డూ చెప్పకుండా మిగిలింది టీచరమ్మ ఒక్కతే. గోడకానుకుని తమలపాకులు తుడుస్తూ ఉంది, తల ఎత్తలేదు. మగపెళ్లివాళ్ల మనిషి కదా అని ఎవరో అనబోయి ఆగిపోయారు.

అత్తమ్మ పీట చూపించి, రా బిడ్డా అంది. టీచరమ్మ కదల్లేదు. ఆమె గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

"వద్దు పెద్దమ్మా. మా అమ్మ ఉన్నది. అమ్మ ఉండంగ వేరేటోళ్లు పోస్తే, ఇగ నాకు అమ్మ లేనట్టే గదా. ఎప్పటికన్న పిలుస్తదేమో అని సూస్తున్న."

నాకైతే ఆ తల్లి దొరికితే నాలుగు కడిగేయాలనిపించింది. అత్తమ్మ మాత్రం వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

"గా పుస్తకంల పిల్లకు గూడ అమ్మ ఉన్నది బిడ్డా. ఆడ లేదు గంతే. అమ్మ పోసేది అమ్మ పోస్తది, అది ఆమెదే. ఇయ్యాల మేం పోసేది మాది. ఒడి ఒక్కపాలికే నిండిపోతదా ఏంది?"

టీచరమ్మ చాలాసేపు ఆకు తుడిచింది, శుభ్రంగా ఉన్న ఆకునే. తర్వాత లేచి పీట మీద కూర్చుని పచ్చచీర కొంగు పట్టింది. అత్తమ్మ, మామ ముందు పోశారు. తర్వాత మేమంతా దోసిళ్లతో పోశాం. పుస్తకంలో పిల్ల ఎక్కడికి పోయిందో, ఎవరికీ ఆ ధ్యాస లేదు. ఒడి బరువుకు ఆమె కొంగు జారుతుంటే అటొకరు ఇటొకరు పట్టుకున్నాం. ఏడుస్తూనే నవ్వింది. మగపెళ్లివాళ్లు మా ఇంటి పులిహోరలో ఉప్పు తక్కువైందని చెప్పి రెండోసారి వడ్డించుకున్నారు. మా ఇంట్లో అంత గోల నా పెళ్లికి కూడా జరగలేదు.

వీడియో నేనే తీశాను. మా ఆడబిడ్డకు ఒడిబియ్యం పోశామని, కింద మా మ్యాచింగ్ సెంటర్ పేరు కూడా రాసి గ్రూపులో పెట్టాను. పుస్తకం చదివినవాళ్లకు సంగతి తెలుసు. కానీ వీడియో గ్రూపులోనే ఉంటుందా? ఎవరో ఇంకెవరికో పంపారు. అది పరిగి దాటి కుల్కచర్ల దాకా పోయింది, పుస్తకం మాత్రం వెంట పోలేదు.

బుధవారం పొద్దున షాపు తీసి ఊడుస్తున్నాను. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, ఒక పెద్దావిడ గడపలో నిలబడి నన్ను కిందికీ మీదికీ చూసింది. ఏం కావాలమ్మా, లోపలికి రండి అన్నాను.

"నేను బతికుండంగ నా బిడ్డకు ఒడిబియ్యం పోసెటందుకు మీరెవరు?"

టీచరమ్మ తల్లి! మూడు రోజులుగా ఈమెనే కదా మనసులో కడిగేస్తున్నాను. ఎదురుగా దొరికింది. నవల సంగతి, బావి సంగతి గబగబా చెప్పబోతే ఆమె ఒక్క ముక్క నమ్మలేదు. పుస్తకంలో పిల్లకు ఎవరన్నా ఒడిబియ్యం పోస్తారా, నన్ను పిచ్చిదాన్ననుకున్నావా అని అడిగింది. అడిగిన తీరుకు నాకు కోపం నషాళానికి ఎక్కింది.

"బిడ్డే లేదంటిరి గదా పెద్దమ్మా. లేని బిడ్డకు ఎవరు పోస్తె మీకేంది?"

ఆమె చెప్పులు గడప అవతల విడిచి, లోపలికొచ్చి, కౌంటర్ ముందు స్టూలు మీద కూర్చుంది. నేను నీళ్లిస్తే తాగింది. ఎవరింటికి పిలిచారు, ఎవరు ముందు పోశారు, భోజనంలో ఏం పెట్టారు, ఒక్కోటీ అడిగింది. కళ్లకు వీడియోలో సరిగా కనపడలేదట, పిల్ల బక్కగా అయిందా అని అడిగింది. బాగానే ఉంది, అత్తగారు కడుపునిండా పెడతారని చెప్పాను. నా కోపం ఎటు పోయిందో నాకే తెలియదు.

కాసేపు అరల వైపు చూస్తూ కూర్చుని, మిరపపండు రంగులో జాకెట్ ముక్క తీయమంది. ఈ రంగు కాదు, ఇంకొంచెం ముదురు అంది. ఒడిలో బియ్యంతోపాటు పెట్టేది జాకెట్ ముక్కే కదా, దేనికని నేను అడగలేదు. ముక్క కత్తిరించి ఆమె చేతిలో పెట్టి, నా ఫోన్ తీసి టీచరమ్మకు చేశాను. బడి టైం, ఎత్తదేమో అనుకున్నాను. ఎత్తింది. అక్కా చెప్పు అంది. నేనేం చెప్పకుండా ఫోన్ పెద్దావిడ చెవి దగ్గర పెట్టాను.

ఆమె ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. అవతల టీచరమ్మ, అక్కా, అక్కా, వినిపిస్తలేదు అంటోంది.

"ఏమే," అంది పెద్దావిడ. "గా పచ్చచీర ఎట్ల కట్టుకున్నవే? నీకు పచ్చ నప్పదని నీకు తెల్వదా?"

అవతల నుంచి వెక్కిళ్లు వినిపించాయి. పెద్దావిడ ఇప్పుడే కత్తిరించిన జాకెట్ ముక్కతో కళ్లు తుడుచుకుంటూ, ఏడ్వకు, పిల్లలు సూస్తరు అంది.